ఇరవయ్యో నిమిషం

మొదటిరోజే ఆమె ముందు పరువు పోగొట్టుకున్నాను. అదీ రెండంటే రెండు తీగల దగ్గర.

నా పనేమిటో ముందు చెప్పేస్తాను. ల్యాబుల్లో ఉండే పరీక్షా యంత్రాలకి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి, యంత్రానికీ కంప్యూటర్‌కీ మాట కలిపి వస్తాను. "పెళ్ళిళ్ళ పేరయ్య పనిరా నీది. ఊళ్ళో యంత్రాలన్నిటికీ జత కుదురుస్తావు, నీకు మాత్రం కుదరదు" అంటుంది మా అక్క. అక్క నోటికి తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.

ఆ ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది. తేనె, పళ్ళరసాలు, సిరప్‌లు పరీక్ష చేస్తారు. నమూనా ఒక్క చుక్క యంత్రంలోకి వెళ్తుంది. సన్నటి గొట్టంలో ప్రయాణం చేస్తూ అందులో ఉన్నవన్నీ విడిపోయి, ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. చివర్లో డిటెక్టర్ కాపలా కూర్చుని ఉంటుంది. ఏదైనా వచ్చిందా, స్క్రీన్ మీద గీత కొండలా లేచి దిగుతుంది. ఏ నిమిషానికి లేచిందో చూసి, వచ్చిందేమిటో చెబుతారు.

అక్కడ డిటెక్టర్లు రెండు. ఒకటి కొత్తది, డిజిటల్. కేబుల్ గుచ్చితే చాలు, అంకెలు గడగడా అప్పజెబుతుంది. కానీ పాపం, దానికి చక్కెరలు కనబడవు. రెండోది నాకన్నా వయసులో పెద్దది, బూడిదరంగు డబ్బా. చక్కెరలు చూడాలంటే అదే దిక్కు. దానికి అంకెలు రావు. వెనకనుంచి ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి వస్తాయి, చూసిందంతా వాటిలో వోల్టేజి కాస్త పెంచీ తగ్గించీ చెబుతుంది. అనలాగ్ అంటే అదే. మధ్యలో నేను తెచ్చిన చిన్న పెట్టె కూర్చుని, ఆ వోల్టేజిని అంకెలుగా మార్చి సాఫ్ట్‌వేర్‌కి అందిస్తుంది. కొత్తదానిది నీలం గీత, పాతదానిది ఎర్ర గీత. రెండూ ఒకే స్క్రీన్ మీద నడవాలి.

నడిచాయి. నేను చేతులు దులుపుకుని గర్వంగా వెనక్కి తిరిగాను.

తెల్లకోటు వేసుకుని, జడ కోటు లోపలికి దోపుకుని, చేతిలో నోటుబుక్కుతో ఒకమ్మాయి నిలబడి ఉంది. నావైపు చూడనైనా లేదు. చూపంతా స్క్రీన్ మీదే.

"సర్వీసు గారూ, మీ ఊళ్ళో కొండలు ఇలాగే ఉంటాయా?"

చూద్దును కదా, ఎర్ర గీతలో కొండలన్నీ గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నాయి. ఎర్ర తీగ బిగించాల్సిన చోట నల్లది బిగించాను.

"అది... టెస్టింగ్ కోసం అలా పెట్టానండీ."

"ఓహో. ఏం టెస్ట్ చేశారు?"

"మీరు కనిపెడతారో లేదో అని."

ఆమె నవ్వలేదు. నేను బల్ల కింద దూరి, తీగలు విప్పి, మార్చి, బిగించి, తల బల్లకి కొట్టుకుని లేచేసరికి, అప్పుడు నవ్వింది. ఏ జోక్‌కైనా అంతేనని తర్వాత తెలిసింది. ఒకటికి రెండుసార్లు లోపల సరిచూసుకుని గానీ నవ్వదు.

ల్యాబ్‌లో ఆమెని ఆరుసార్ల మేడమ్ అంటారు. ఆ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. యంత్రాన్ని నమ్మేముందు ఒకే నమూనాని ఆరుసార్లు ఎక్కించి చూస్తారు. ఆరుసార్లూ ఒకేలా వస్తేనే నమ్ముతారు. మిగతావాళ్ళు యంత్రం దగ్గరే ఆ పద్ధతి పాటిస్తారు. ఈవిడ తాళం వేసిన తలుపుని కూడా ఆరుసార్లు లాగి చూస్తుందని స్టోర్ చూసుకునే పెద్దాయన చెప్పాడు. ఆ పెద్దాయన్ని అందరూ బాబాయ్ అని పిలుస్తారు, నేనూ పిలిచాను.

ఆవిడ ప్రశ్నలకి మాత్రం అంతుండేది కాదు.

"మీ పెట్టె ఆ తీగల్ని సెకనుకి ఎన్నిసార్లు చూస్తుంది?"

"ఇప్పుడు పదిసార్లు పెట్టాను."

"రెండు చూపుల మధ్య ఏం జరిగిందో దానికెలా తెలుస్తుంది?"

"తెలీదు మేడమ్. ఈ చుక్కకీ ఆ చుక్కకీ మధ్య గీత గీసేస్తుంది."

"అంటే ఊహేనా?"

"ఊహే."

"మరీ తక్కువసార్లు చూస్తే?"

"ఉన్న కొండ కూడా కనబడదు. మరీ ఎక్కువసార్లు చూస్తే, చిన్న వణుకు కూడా కొండలా కనబడుతుంది."

అది బుద్ధిగా నోటుబుక్కులో రాసుకుంది. ఆ మధ్యాహ్నం నేను ఆవిడని సెకనుకి ఎన్నిసార్లు చూశానో ఎవరూ రాసుకోలేదు, బతికిపోయాను.

నాలుగవుతుండగా బాబాయ్ కింద క్యాంటీన్‌కి ఫోన్ చేసి ట్రే నిండా టీలు తెప్పించాడు. "చుట్టం వచ్చినప్పుడు మన చేతి టీ ఏం పోస్తాం బాబూ" అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ రెండు వారాలు ముందే అయిపోయేది.

పన్నెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది.

"సర్వీసు గారూ, తలకిందుల కొండల ల్యాబ్ నుంచి."

గొంతు గుర్తుపట్టాను. గుర్తుపట్టనట్టు, "ఏ ల్యాబండీ?" అన్నాను.

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నవ్వు. తర్వాత అసలు సంగతి. "ఒక తేనె నమూనా ఉంది. ఎర్ర గీతలో ఇరవయ్యో నిమిషానికి చిన్న కొండ వస్తోంది. అది తేనె తెస్తోందా, మీ పెట్టె తెస్తోందా, నాకు తేలాలి."

తేనెలో సహజంగా ఉండే చక్కెరలు పదిహేను నిమిషాల్లోపే వచ్చేస్తాయట. ఇరవయ్యో నిమిషానికి ఏదైనా వచ్చిందంటే, ఎవరో సిరప్ కలిపారన్నమాట. తేనెటీగలకి ఆ పని రాదు.

వెళ్ళాను. యంత్రాన్ని ఆ రోజుకి నాకు వదిలేశారు. లోపలికి ఉత్త నీళ్ళు పంపి చూశాను. నీళ్ళు కాబట్టి గీత చదునుగా ఉండాలి. సాయంత్రం దాకా కొండా లేదు, గుట్టా లేదు. బాబాయ్ టీలు తెప్పించాడు, తాగి వచ్చాను. మర్నాడు మళ్ళీ ఫోన్, మళ్ళీ వచ్చిందని. మళ్ళీ వెళ్ళాను. తీగలు కరెంటు వైర్లకి దూరంగా జరిపాను, పెట్టె మార్చాను. మళ్ళీ అద్దంలాంటి చదును.

"మీరంటే దానికి భయమా?" అంది ఆవిడ.

"గౌరవం అనుకుంటాను."

"అయితే ఇక్కడే ఉండిపోండి" అని, ఏమన్నదో తనకే వినబడి గబుక్కున నోటుబుక్కులోకి తల దూర్చేసింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపుని నేను ఒక్కసారి చూసే నమ్మేశాను.

సరిగ్గా అప్పుడే మేనేజర్ గారు వచ్చారు.

"ఏమ్మా, తేలిందా?"

"ఇంకా లేదు సార్."

"కొత్త డిటెక్టర్‌లో ఏమీ లేదు. ఈ పాతదేమో ఒకరోజు కొండంటుంది, ఒకరోజు లేదంటుంది. ఆ తేనె కంపెనీవాళ్ళు రోజూ ఫోన్ చేసి నా బుర్ర తినేస్తున్నారు. బాగుందని రాసి సంతకం పెట్టెయ్."

"పెట్టలేను సార్. ఆరు రోజులు ఎక్కించాను. ఆరుసార్లూ ఇరవయ్యో నిమిషానికే వచ్చింది."

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు! కొనుక్కుని తినేవాళ్ళు బ్రహ్మాండంగా ఉందంటున్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? శుక్రవారం దాకా చూస్తాను. తేలకపోతే ఆ పాత డబ్బా తుక్కులోకి, నువ్వు కింద నమూనాలు తీసుకునే కౌంటర్‌కి. రిపోర్టు మీద నేనే సంతకం పెట్టుకుంటాను."

ఆయన వెళ్ళిపోయారు. ఆమెని ఓదారుద్దామని, "కౌంటర్ అయితే మాత్రం ఏమైంది మేడమ్, ఉద్యోగం ఉంటుందిగా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఈ కుర్చీలో కూర్చోవడం నాకెంత ఇష్టమో మీకు తెలీదు" అంది. "గీత లేస్తుంటే ఇప్పటికీ చిన్నపిల్లలాగే చూస్తాను, లోపలేముందో అని. బాగాలేదని నాకు తెలిసిన తేనెని బాగుందని రాసేసి, మళ్ళీ ఇదే కుర్చీలో ఎలా కూర్చోను?"

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే అక్క గమనించింది.

"ఏంట్రా, ఏ యంత్రం మీద మనసు పడ్డావు?"

"ఒక కొండ దొరకట్లేదక్కా. నేను వెళ్తే ఉండదు, వచ్చేస్తే వస్తుంది."

"కొండ సంగతి సరే. వెళ్ళినప్పుడల్లా చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్తున్నావు. కొండకి ఇస్త్రీ చొక్కా ఎందుకట?"

నేను పప్పులో మెతుకు వెతికాను. అక్క పడీ పడీ నవ్వింది.

గురువారం నాలుగోసారి వెళ్ళాను. పిలవకుండానే. బయట వాన దంచికొడుతోంది. మెట్ల దగ్గరే బాబాయ్ ఎదురై తువ్వాలు ఇచ్చాడు.

"చుట్టంలా అలా నిలబడ్డావేం, తల తుడుచుకో. నాలుగోసారి వచ్చినవాడు చుట్టమేంటయ్యా, ఇంటివాడే. ఇవాళ్టినుంచి నీక్కూడా నా చేతి టీయే."

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆమె మేనేజర్ గదిలో ఉంది. యంత్రం ముందు కూర్చుని నీళ్ళు పంపుతూ గీత చూస్తున్నాను. చదును. చదును. మూడూ యాభై అయింది. ఎర్ర గీత కదిలింది.

కళ్ళు నులుముకున్నాను. నీళ్ళలో కొండ! మెల్లగా లేచి, కాసేపు నిలబడి, నాలుగు నిమిషాలకి దిగిపోయింది. నీలం గీతకి చీమ కుట్టినట్టయినా లేదు. నేను కుర్చీలోంచి లేచేలోపు బాబాయ్ కప్పులతో వచ్చాడు.

"బాబాయ్, ఈ టీ కిందనుంచి తెప్పించారా?"

"చెప్పాగా, నా కెటిల్‌లో కాచిందే. రోజూ మూడూ యాభైకి స్విచ్ వేస్తాను, నాలుగింటికి టీ. పదిహేనేళ్ళయింది. గోడ గడియారం తప్పుతుందేమో గానీ నేను తప్పను."

"మరి నేనొచ్చిన రోజుల్లో?"

"చుట్టానికి కెటిల్ టీ ఏం బాగుంటుంది? అప్పుడు కిందనుంచే."

స్టోర్‌గదికి పరిగెత్తాను. కెటిల్ ప్లగ్గు ఉన్న గోడకి అవతలివైపే మా పాత డబ్బా ప్లగ్గు, రెండూ ఒకే లైన్. కెటిల్ ఆన్ చేయగానే ఆ లైన్‌లో కరెంటు కాస్త తగ్గుతుంది, డబ్బా లోపల దీపం కాస్త మసకబారుతుంది, ఆ మసకే కొండ. ఇంకో రెండుసార్లు స్విచ్ వేసి చూశాను. రెండు కొండలొచ్చాయి. ఎగిరి గంతేయాల్సింది పోయి అక్కడే కూలబడ్డాను. దొరికింది దొంగే. కానీ ఆ దొంగ దొరికితే మునిగేది ఆమె.

చెప్పకపోతే? ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం అనుకున్నాను. శుక్రవారం దాకా నోరుమూసుకుంటే ఆమె తన నమ్మకంతోనే ఉంటుంది. ఇంతలో తలుపు తీసుకుని ఆమే వచ్చింది. నా మొహం చూసి ఆగిపోయింది.

"ఏమైంది? తేలు కుట్టిన దొంగలా ఉన్నారేంటి?"

"నీళ్ళలో కూడా కొండ వచ్చింది మేడమ్" అన్నాను. మొత్తం చెప్పేశాను.

ఆమె ఎప్పట్లాగే లోపల సరిచూసుకుంది. ఈసారి చివర్లో నవ్వు రాలేదు.

"అంటే ఆరు రోజులూ నేను చూసింది బాబాయ్ టీనా?"

బాబాయ్ ట్రే పట్టుకుని ముందుకొచ్చాడు. "నావల్లనా అమ్మలూ?"

"నీ తప్పేముంది బాబాయ్" అని ట్రే అందుకుని, నాతో అంది. "అందరికీ పిలుపుకి బాబాయ్. నాకు సొంత బాబాయ్, నాన్న తమ్ముడు. చిన్నప్పుడు నన్ను తీసుకొచ్చి పెంచింది ఈయనే."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆమె కష్టాన్ని బూడిద చేశాను, పెంచిన మనిషిని పట్టిచ్చాను, అదీ ఆయన నన్ను ఇంటివాడన్న అరగంటలో.

ఆమె నోటుబుక్కు తెరిచి పాత పేజీలు తిప్పసాగింది. మెల్లగా ఆమె కళ్ళు మారాయి. బాధ పోయి వాటిలోకి మళ్ళీ ఆ పాత ప్రశ్నలు వచ్చాయి.

"సర్వీసు గారూ, సాఫ్ట్‌వేర్ ప్రతి నమూనాకీ సున్నా నుంచి లెక్కపెడుతుంది కదా?"

"అవును."

"నేను రోజూ తొమ్మిదిన్నరకి మొదలుపెడతాను. నమూనాకి అరగంట. పన్నెండు నమూనాలూ అయ్యాక మూడున్నరకి యంత్రం కడిగేసేవాళ్ళం. అన్నీ క్యూలో ఉన్నాయి, ఈ తేనెకి చోటు లేదని నేనంటే, మూడున్నర తర్వాత రోజుకోసారి ఎక్కించుకోమన్నారు మేనేజర్ సార్. బాబాయ్ స్విచ్ మూడూ యాభైకి."

"ఇరవయ్యో నిమిషం" అన్నాను.

"ఆరుసార్లు చేశానని మురిసిపోయాను. ఆరుసార్లూ ఒకే టైముకి చేశాను. గోడ గడియారం ఒక్కసారీ చూడలేదు."

"ఇద్దరికి ఇద్దరూ నిమిషం కూడా అటూఇటూ కాకపోవడం ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఒకే ఇంట్లో" అంది. ఈసారి కొంచెం నవ్వింది.

"రేపు కెటిల్ ఆపేద్దాం మేడమ్."

"ఊహూఁ. కెటిల్ ఆపాక కొండ వస్తే, అది ఇంకేదో కరెంటు తేడా అంటారు సార్. రెండింటినీ రానిద్దాం. పదిహేడు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెడతాను. కెటిల్ గడియారాన్ని బట్టి వస్తుంది, కాబట్టి మూడో నిమిషంలో పడుతుంది. తేనెలో నిజంగా ఏదైనా ఉంటే అది ఎక్కించిన క్షణాన్ని బట్టి వస్తుంది. ఎప్పుడు ఎక్కించినా ఇరవయ్యో నిమిషానికే."

"రాకపోతే?"

"నేను తప్పని నేనే రాస్తాను. అబద్ధం రాయను, అంతే."

ఆ మాట అంటూ ఆమె నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుంది. నాకు అప్పుడే, అక్కడే ఏదో చెప్పెయ్యాలనిపించింది. తీగలు సర్దుతూ కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆమె చేతులు రెండూ ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఆలస్యం చేస్తున్న మనిషి ఎలా ఉంటుందో చూశాను. ఇంజెక్షన్ వేయించుకోబోయే పిల్లలా ఉంది. తొమ్మిదీ నలభైయేడుకి బటన్ నొక్కింది.

మధ్యాహ్నం మూడూ నలభైయేడుకి తేనె లోపలికి వెళ్ళింది. మేనేజర్ గారు వచ్చి వెనక నిలబడ్డారు. బాబాయ్ స్టోర్‌గది గుమ్మంలో గడియారం కేసి చూస్తున్నాడు, యాభై కాగానే స్విచ్ వేశాడు. మూడో నిమిషానికి ఎర్ర గీత లేచింది.

"చూశావా?" అన్నారు మేనేజర్ గారు. "నీ కొండ ఇదిగో, టీ కొండ."

"ఇంకా పదిహేడు నిమిషాలుంది సార్."

టీ వచ్చింది. ఎవరూ తాగలేదు. తేనె అసలు చక్కెరలు రెండూ వాటి టైముకి అవి వచ్చి వెళ్ళాయి. నీలం గీత మొద్దునిద్రలో ఉంది. కిటికీ బయట వాన తగ్గి, చూరునుంచి బొట్లు పడుతున్నాయి.

"మేడమ్, ఒక మాట" అన్నాను చిన్నగా.

"ఇరవయ్యో నిమిషం దాకా ఏమీ చెప్పకండి, ప్లీజ్."

పదహారు. పదిహేడు. ఆమె పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. పద్దెనిమిది. గీత గీతే. పంతొమ్మిది. ఆమె మూత తీసి, నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది. తప్పు రాయడానికేనని నాకర్థమైంది. స్క్రీన్‌ని బతిమాలుకున్నాను, సిగ్గెందుకు, మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను.

ఎర్ర గీత వణికింది. లేచింది. గోరంత. మునుపటి కొండలో సగం కూడా లేదు, కానీ నున్నగా లేచి నున్నగా దిగింది. సరిగ్గా ఇరవయ్యో నిమిషం.

"వచ్చింది" అంది ఆమె. "బాబాయ్, వచ్చింది!"

మేనేజర్ గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "కెటిల్?"

బాబాయ్ ఖాళీ కెటిల్ పట్టుకొచ్చి ఆయన ముందే బోర్లించాడు. "ఆపేసి పావుగంటయింది సార్."

"ఇన్నాళ్ళూ తేనె కొండ మీద టీ కొండ ఎక్కి కూర్చుంది సార్" అన్నాను. "ఇవాళ విడిపోయాయి."

ఆయన ఆమె కుర్చీ వీపు మీద చెయ్యేసి, "సోమవారం యంత్రం మొత్తం నీదే. ఆరుసార్లు ఎక్కించు. వస్తే కల్తీ అని రాయి, పైవాళ్ళతో నేను మాట్లాడతాను" అన్నారు. వెళ్తూ వెళ్తూ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆమె ఆగింది.

"ఇరవయ్యో నిమిషం ఎప్పుడో అయిపోయింది. ఏదో చెప్పబోయారు."

ఇంతసేపూ నాలుక చివరనున్న మాట కాస్తా కడుపులోకి జారిపోయింది. అయినా లాక్కొచ్చాను. "మీరంటే నాకిష్టం. తీగలు తలకిందులు చేసిన రోజునుంచీ."

ఒకటి, రెండు, మూడు... లెక్కపెడుతున్నాను. ఎనిమిది దగ్గర ఆమె తలెత్తింది.

"ఇది కెటిలా, తేనా?"

"అంటే?"

"మళ్ళీ మళ్ళీ వచ్చారు, వాన పడింది, బాబాయ్ మంచి టీ ఇచ్చాడు, కలిసి ఒక దొంగని పట్టాం. ఎవరికైనా గీత లేస్తుంది. ఒక్కసారికి నేను రిజల్ట్ రాయను."

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"నా పేరేంటి ఇక్కడ?"

"ఆరుసార్లా!"

"ఆరు. ఒకే టైముకి మాత్రం రాకండి. అలా ఒకసారి మోసపోయాను."

సోమవారం తేనెకి ఆరుసార్లూ కొండ వచ్చింది, ఆమె సంతకం పెట్టింది, పాత డబ్బాకి కెటిల్ లేని కొత్త లైన్ నేనే వేయించాను. నా పరీక్ష మాత్రం రెండు నెలలు సాగింది. ఒకసారి పొద్దున్నే ఏడింటికి, ఆమె ఇంకా తాళం లాగి చూస్తుండగా చెప్పాను. ఒకసారి బస్టాపులో, నాలుగు రోజుల జ్వరంతో ముక్కు కారుతుండగా చెప్పాను. ఒకసారి మేమిద్దరం పోట్లాడుకున్నాం. నేను చెప్పకుండా వేరే ఊరి పనికి వెళ్ళి తొమ్మిది రోజులు ఫోన్ చేయలేదు, తప్పు నాదే. తిరిగొచ్చి, ఆమె మొహం తిప్పుకుంటే, ఆ తిప్పుకున్న మొహానికే చెప్పాను. ప్రతిసారీ ఆమె నోటుబుక్కు తీసి ఏదో రాసుకునేది. చూపించమంటే చూపించేది కాదు.

ఆరోసారి ఆదివారం, వాళ్ళింట్లో. అక్కని కూడా తీసుకెళ్ళాను. వెళ్ళగానే అక్క బాబాయ్‌తో, "మావాడికి తీగలు తప్ప మనుషులు తెలీదండీ, ఎలా భరిస్తుందో మీ అమ్మాయి" అని మొదలుపెట్టింది. ఇద్దరికీ అరనిమిషంలో జట్టు కుదిరింది. నేను చెప్పాల్సింది వాళ్ళందరి ముందే చెప్పాను. ఈసారి తడబడలేదు.

ఆమె నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. ఆరు వరసలు, తేదీ, టైము, పక్కన గమనిక. 'తడబడ్డారు.' 'జ్వరం, అయినా వచ్చారు.' నాలుగో వరసలో, 'నాకు కోపం. అయినా నిజమే చెప్పారు, కెటిల్ సంగతి చెప్పిన రోజులాగే.' అది చదివేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆరో వరస నింపి, అడుగున సంతకం పెట్టింది. ఆ సంతకం ఎంత కష్టంగా పడుతుందో నాకు తెలుసు.

దాని పక్కన ఇంకో సంతకానికి చోటు వదిలి ఉంది, ల్యాబ్ రిపోర్టుల్లో సరిచూసినవారికి వదిలినట్టే. పుస్తకం బాబాయ్ వైపు జరిపింది.

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని ఆరు వరసలూ చదివాడు. "ఇన్నిసార్లెందుకే అమ్మలూ? ల్యాబ్‌కి నాలుగోసారి వచ్చినప్పుడే నాకు తెలుసు. అందుకే కదా నా చేతి టీ పోశాను" అని, తీరిగ్గా సంతకం పెట్టాడు.

తర్వాత కెటిల్ పెట్టడానికి లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఆ రోజు టీ ఎన్నింటికి తాగామో మాలో ఎవరూ చూసుకోలేదు.